బొంగరమూ, మౌసూ

చిరంజీవులు కిట్టూకీ, పండూకీ తాత ఆశీస్సులు.

కిందటి ఆదివారం మీరు మల్కాపురం వచ్చినప్పుడు పండూ ఒక మాట అడిగావు. "తాతా, నా మౌస్ డబ్బా మీద 26,000 డీపీఐ అని ఉంది. కిట్టూ దానికి 12,000 మాత్రమే. అంటే నాదే గొప్ప కదా?" వారం వాడి చెబుతాను, ఇక్కడ వదిలిపొమ్మన్నాను. వదిలేటప్పుడు నీ మొహం చూసి మీ నానమ్మ ఇంకా నవ్వుతోంది. ఫోన్లో చెబితే సగం విని "సరే తాతా" అనేస్తారు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాకు మౌస్ సంగతి పెద్దగా తెలియదు కానీ, బొంగరం సంగతి తెలుసు. నేను మూడో తరగతిలో ఉండగా మా నాన్న ఏటికొప్పాక నుంచి ఒక బొంగరం తెచ్చాడు. అంకుడు కర్రను తిప్పుతూ, ఆ వేడికే లక్క కరిగేలా రంగు పట్టిస్తారక్కడ. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పట్టీలతో తిరుగుతుంటే కళ్ళు చెదిరేవి. వీధిలో గుంటలమంతా గిరి గీసి, మధ్యలో ఓడినవాడి బొంగరం పెట్టి, మా బొంగరం మేకుతో దాన్ని కొట్టేవాళ్ళం. మొదటి రోజే నా రంగుల బొంగరం ఓడిపోయింది. గెలిచిందేమిటో తెలుసా? పక్కింటి వాడు చింతచెక్కతో తనే చెక్కుకున్న నల్లటి ముద్ద. వాడు దాని మేకును రోజూ అరుగుమీద అరగదీసేవాడు. బరువు ఒక పక్కకు లాగితే ఆ పక్క కాస్త చెక్కేసేవాడు. వాడి చేతికి తగ్గట్టు వాడి బొంగరం తయారైంది. నాది చూసేవాళ్ళ కళ్ళకు తగ్గట్టు తయారైంది.

పండూ, నీ మౌస్ అడుగున మూత తీస్తే నాలుగు చిన్న బరువులున్నాయి, ఒక్కొక్కటి 5 గ్రాములు. అవన్నీ పెట్టి మన కొట్టు తక్కెడలో తూస్తే 104 గ్రాములు వచ్చింది, తీసేస్తే 84. బరువులతో వాడితే గంటకే మణికట్టు లాగింది. రెండు తీసేసి వెనకవైపు రెండు ఉంచాను, నా చేతికి అదే కుదిరింది. నీ చెయ్యి చిన్నది, నీకు నాలుగూ తీసేస్తేనే నయం. తయారుచేసినవాడు బరువులిచ్చాడని అన్నీ పెట్టుకోనక్కర్లేదు. అడుగున ఉన్న జారుడు పట్టీలే బొంగరం మేకు అనుకో. అవి అరిగిపోతే మౌస్ బల్లను గీరుతుంది.

ఇక డీపీఐ. మౌస్‌ను ఒక అంగుళం జరిపితే అది కంప్యూటర్‌కు ఎన్ని చుక్కలు జరిగానని చెబుతుందో ఆ లెక్క. నీ స్క్రీన్ వెడల్పు 1,920 చుక్కలు. పాయింటర్ వేగం పెంచే సెట్టింగ్ తీసేసి 800 పెడితే, ఈ చివర నుంచి ఆ చివరకు రావడానికి మౌస్ 2.4 అంగుళాలు జరగాలి. 26,000 పెడితే 2 మిల్లీమీటర్లు కూడా అక్కర్లేదు. బియ్యపు గింజంత దూరం కూడా కాదురా! తుమ్మితే బాణం గోడ దాటిపోతుంది. స్కేలు పక్కన పెట్టి చూశాను కాబట్టి చెబుతున్నాను. 800కీ 1,600కీ మధ్య నీ చెయ్యి ఎక్కడ కుదురుకుంటే అదే నీ అంకె. డబ్బా మీది పెద్ద అంకె నా బొంగరం మీది ఎర్ర పట్టీ లాంటిది.

రంగు దీపాల సంగతి కూడా అంతే. అవి ఆపేశాక చార్జింగ్ ఎక్కువ రోజులు వచ్చింది, ఆట ఏమీ తగ్గలేదు.

ఇంకోటి. దీని పక్కల రబ్బరు పట్టు ఉంది. మన ఊళ్ళో సముద్రపు గాలికి, చెమటకి కొన్నాళ్ళకి రబ్బరు జిగురవుతుంది. నా పాత టార్చిలైటు పిడి అలాగే అయింది, ముట్టుకుంటే చెయ్యి అంటుకుంటుంది. ఈసారి కొనేటప్పుడు ఉత్త ప్లాస్టిక్ ఉన్నదే చూడండి. పక్క బటన్‌కు నువ్వు ఆటలో గ్రెనేడ్ విసరడం పెట్టావు, నేను దాన్ని 'వెనక్కి' చేశాను. అది మౌస్ జ్ఞాపకంలోనే ఉండిపోతుందట, నీ ఇంట్లో పెట్టినా అలాగే ఉంటుంది. మార్చుకో, నన్ను తిట్టుకోకు.

వైర్‌లెస్ విషయంలో మాత్రం బొంగరం పోలిక తెగిపోయింది. తాడు లాగేశాక బొంగరానికీ నాకూ సంబంధం లేదు, దాని దారి దానిది. ఈ మౌస్ అలా కాదు, సెకనుకు 1,000 సార్లు కబురంపుతుంది. నిన్న మాత్రం పాయింటర్ ఆగి ఆగి, గంతులేసింది. కారణమేమిటంటే మౌస్ కబురందుకునే చిన్న రిసీవర్‌ను బల్ల కింద, సీపీయూ వెనకాల, యూఎస్‌బీ 3 పోర్టుకు తగిలించిన హార్డ్ డిస్క్ పక్కనే గుచ్చాను. ఆ యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి వచ్చే రొద, రిసీవర్ వినే 2.4 గిగాహెర్ట్జ్ రేడియో మాటలోకి దూరిపోతుంది. చిన్న వైరు తగిలించి రిసీవర్‌ను మౌస్ దగ్గరకు తెచ్చాను, నిలకడైంది. ఆటలో ఓడిపోతే ముందు మౌస్‌ను తిట్టకుండా రిసీవర్ ఎక్కడుందో చూడండి.

మరి అది కదిలినట్టు దానికెలా తెలుస్తుంది? షిప్‌యార్డులో ప్లేటు నున్నగా ఉందో లేదో చూడాలంటే మేము టార్చి ఏటవాలుగా పట్టేవాళ్ళం. నేరుగా పడితే ఏమీ కనబడదు, వాలుగా పడితే ప్రతి సొట్టకూ నీడ వస్తుంది. మౌస్ కూడా బల్లమీద వాలుగా వెలుగు వేసి, ఆ నీడలను చిన్న కెమెరాతో సెకనుకు వేలసార్లు ఫొటో తీస్తుంది. ముందు ఫొటోకూ తర్వాత ఫొటోకూ నీడలు ఎటు జరిగాయో చూసి, తను ఎటు జరిగిందో చెబుతుంది. తను ఎక్కడుందో దానికి తెలియదు, ఎంత జరిగిందో మాత్రమే తెలుసు. అద్దం బల్లమీద పెడితే నీడలు దొరక్క తికమకపడింది, పాత న్యూస్ పేపర్ వేశాక దారిలోకొచ్చింది. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచనతో బిల్ ఇంగ్లిష్ కాలిఫోర్నియాలో చేసిన మొదటి మౌస్‌కు కెమెరా లేదు. చెక్క డబ్బా, అడుగున రెండు చక్రాలు, పైన ఒకే బటన్. చెక్కదే సుమా! మా పక్కింటి వాడి బొంగరం లాగ.

ఆ ఫొటోలన్నీ పోల్చే లెక్క అంత చిన్న చిప్‌లో ఎలా పట్టిందో నాకూ అర్థం కాలేదు. నేను మాత్రం రాత్రి గదిలో లైటు ఆర్పి, మౌస్ తిరగేసి, ఫోన్ ముందు కెమెరాలోంచి చూశాను. మామూలుగా కంటికి కనబడని వెలుగొకటి ఫోన్లో ఊదారంగులో మిణుకుమిణుకుమంది. నానమ్మను లేపి చూపిస్తే, "అర్ధరాత్రి దీనికా నన్ను లేపింది?" అని తిట్టి, తనే మళ్ళీ రెండుసార్లు చూసింది. కిట్టూ, నీ మౌస్‌కీ అలాంటి వెలుగు ఉందో లేదో ఇవాళ రాత్రే చూడు. కొన్నింటికి ఎర్రటిది మామూలుగానే కనిపిస్తుంది. ఏ రంగో నాకు రాసి పంపు. పండూ, నీది ఆదివారం వచ్చి తీసుకెళ్ళు. నీ కోసం ఆ నాలుగు బరువులూ తీసేసి అగ్గిపెట్టెలో పెట్టి ఉంచాను, బీరువా మీద ఉంది.

మీ
తాత