వరి ఎప్పుడు ఈనాలో ఆకు తేలుస్తుంది

వరి వెన్ను పుట్టేది కాండం కొనలో. అది ఎప్పుడు పుట్టాలో తేల్చేది మాత్రం ఆకు. పగటి నిడివిని గమనించేది ఆకులే కాబట్టి, అక్కడి నుంచి కొనకు ఏదో ఒక పదార్థం కబురు మోస్తూ ఉండాలని సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ చైలఖ్యాన్ 1930లలో ఊహించారు. దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టారు. అదేమిటో తేలడానికి దాదాపు 70 ఏళ్లు పట్టింది. హెచ్‌డీ3ఏ అనే జన్యువు నుంచి తయారయ్యే ఒక చిన్న ప్రోటీన్ ఆకు నాళాల్లో పుట్టి కొన దాకా ప్రయాణిస్తుందని 2007లో జపాన్ పరిశోధకులు వరిలో చూపారు. దానికి తోబుట్టువు లాంటి ఆర్‌ఎఫ్‌టీ1 అనే జన్యువు కూడా ఉంది. రెండింటినీ అణచివేస్తే మొక్క 300 రోజులు గడిచినా ఈనలేదు!

వరి పగళ్లు కురచబడితే ఈనే మొక్క. ఇందులో నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది హెచ్‌డీ1 జన్యువు. పగళ్లు కురచగా ఉన్నప్పుడు అది పూతను తొందరపెడుతుంది, పొడవుగా ఉన్నప్పుడు అదే పూతను ఆపుతుంది. పొడవైన పగళ్లలో జీహెచ్‌డీ7 అనే మరో జన్యువు ప్రోటీన్ దానితో జతకడుతుంది. ఆ జంట ఫ్లోరిజెన్‌ను పురిగొల్పే ఈహెచ్‌డీ1 జన్యువును అణచడంతో ఫ్లోరిజెన్ తయారీ వెనకబడుతుంది. ఈ లెక్క ఎంత నిశితమంటే, ప్రయోగాల్లో పగలు సుమారు 13న్నర గంటలకు తగ్గాకే హెచ్‌డీ3ఏ గట్టిగా పనిచేసింది. అరగంట తేడా చాలు.

ఉష్ణమండలంలో పుట్టిన ఈ ఏర్పాటు ఉత్తరాదికి నప్పదు. జపాన్‌లోని హొక్కైడోలో వేసవి పగళ్లు చాలా పొడవు. అవి తగ్గేదాకా ఆగితే గింజ గట్టిపడేలోపే చలి ముంచుకొస్తుంది. అందుకే అక్కడి రకాల్లో జీహెచ్‌డీ7 పనిచేయదు. చైనా ఉత్తర కొసన హెయిలాంగ్‌జియాంగ్‌లోనూ అంతే. ఆ జన్యువు చెడిన మొక్కలనే, జన్యువులంటే ఏమిటో తెలియని కాలం నుంచీ, రైతులు తొందరగా ఈనే విత్తనంగా ఎంచి దాచుకుంటూ వచ్చారు. వరి అంత ఉత్తరానికి పాకింది పూతను ఆపే ఈ కళ్లెం తెగడం వల్లే.

దానికి మూల్యం లేకపోలేదు. 2008లో చైనా పరిశోధకులు వెలికితీసిన ఈ జీహెచ్‌డీ7 చక్కగా పనిచేస్తే మొక్క ఆలస్యంగా ఈనుతుంది, కానీ ఎత్తు పెరిగి వెన్నుకు ఎక్కువ గింజలు పెడుతుంది. ఆలస్యమైనన్నాళ్లూ అది ఆకులు, కాండం పెంచుకుంటుంది కదా. కాబట్టి వెచ్చని చోట్ల ఆ జన్యువు బలమైన రూపాలు, సమశీతోష్ణ ప్రాంతాల్లో బలహీనమైనది, చలి కొసన పూర్తిగా మూగబోయినది కనిపిస్తాయి.