ఆర్వీ ట్రిప్: ముందు బండి కొలతలు, ఆ తర్వాతే దారి (అపోహలు - వాస్తవాలు)

లాస్ వేగాస్‌లో ఆర్వీలు, అంటే మోటార్‌హోమ్‌లు, అద్దెకిచ్చే చోట పని చేస్తున్నాను. తాళాలు ఇచ్చే ముందు బండంతా చూపించడం, వచ్చినవాళ్లు వేసుకున్న దారిని ఒకసారి చూసి సరిచేయడం నా పని. వేసవి సెలవుల్లో వచ్చేవాళ్లలో మన తెలుగువాళ్లు చాలామందే ఉంటారు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫ్లైట్ దిగుతారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలు, బియ్యం, ఆవకాయ, కుక్కర్. ఫోన్‌లో యూటా, ఆరిజోనా రాష్ట్రాల్లోని పార్కులు, లోయల ప్లాన్ ఒకటి ఉంటుంది: జాయన్, బ్రైస్, ఆర్చెస్, మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్ క్యాన్యన్, గ్రాండ్ క్యాన్యన్. ఆరు రోజులు.

ఆ ప్లాన్ కారుకి సరిపోతుంది, అదీ కష్టం మీద. ఆర్వీకి సరిపోదు. అందరికీ కౌంటర్ దగ్గర విడివిడిగా చెప్పే మాటల్నే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. దయచేసి టికెట్లు కొనక ముందే చదవండి.

అపోహ: గూగుల్ మ్యాప్స్ చూపించిన దారిలో ఆర్వీ కూడా వెళ్తుంది.

అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది ఇదే. గూగుల్ మ్యాప్స్‌కి మీ బండి ఎత్తు, వెడల్పు తెలియవు. జాయన్ నుంచి బ్రైస్‌కి దారి అడిగితే పార్క్ మధ్యలోంచి వెళ్లే జాయన్ - మౌంట్ కార్మెల్ సొరంగం మీదుగా చూపిస్తుంది. ఆ సొరంగం 1930లో మొదలైంది. పొడవు 1.1 మైళ్లు. కొండలో తొలిచిన కమాను అది. మధ్యలో ఎత్తు ఉంటుంది, పక్కలకు వెళ్లేకొద్దీ పైకప్పు కిందికి వంగుతుంది. ఆనాటి చిన్న కార్ల కోసం కట్టారు. పెద్ద బండి తన వరసలో పోతే పైభాగం గోడకి తగులుతుంది. అందుకే ఇన్నేళ్లూ 15 డాలర్లు కట్టించుకుని, ఎదుటి వైపు ట్రాఫిక్ ఆపి, పెద్ద బండ్లను నడిమధ్యలోంచి పంపేవాళ్లు. 2026 జూన్ నుంచి ఆ ఏర్పాటు కూడా ఉండదని పార్క్ ప్రకటించింది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 35 అడుగుల 9 అంగుళాల పొడవు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ రోడ్డు మీదికి రానివ్వరు. డ్రైవర్ సీటు పైన పడుకునే చోటు ఉండే మామూలు అద్దె ఆర్వీలు దాదాపు అన్నీ వెడల్పు దగ్గరే ఆగిపోతాయి.

మరి బ్రైస్‌కి ఎలా వెళ్లాలి? వెనక్కి ఐ-15 హైవేకి వచ్చి, ఉత్తరంగా వెళ్లి, యూటా 20వ నంబర్ రోడ్డు పట్టుకుని, అక్కడి నుంచి యూఎస్ 89 మీదకి దిగాలి. సొరంగం దారిలో 80 మైళ్లకు అటూ ఇటూగా ఉండేది ఇలా దాదాపు 150 మైళ్లవుతుంది. ముందే తెలిస్తే ఇది ఒక పూట ప్రయాణం, అంతే. పార్క్ గేటు దగ్గర తెలిస్తే మాత్రం ఆ రోజంతా పాడవుతుంది. ఆ పాత ఏర్పాటు ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం ఒకాయన నాకు ఫోన్ చేశారు. పెద్ద బండ్లను అనుమతించే వేళ దాటాక సొరంగం దగ్గరికి చేరారు, వెనక్కి తిప్పి పంపేశారు. చీకటి, కొండ మలుపులు, లోపల వాళ్ల అత్తయ్యగారికి కళ్లు తిరుగుతున్నాయి. ఆ గొంతులో టెన్షన్ విన్న రోజు నుంచి, ఎవరు వచ్చినా మొదట దారినే అడుగుతున్నాను.

ఇలాంటి రోడ్లు ఇంకా ఉన్నాయి. మాన్యుమెంట్ వ్యాలీలో 17 మైళ్ల మట్టి రోడ్డు మీదికి ఆర్వీలను రానివ్వరు. అక్కడి మూలవాసులైన నవాహో తెగ గైడ్ల జీపు మాట్లాడుకోవాలి. దానికి దగ్గర్లోనే ఉన్న మోకీ డగ్‌వే కొండ అంచున వేసిన మట్టి మలుపుల దారి. 28 అడుగులు, 10,000 పౌండ్లు దాటిన బండ్లు రావద్దని బోర్డు చెప్తుంది. మోంటానాలోని గ్లేసియర్ పార్క్‌లో గోయింగ్-టు-ద-సన్ రోడ్డు కొండ ఎక్కే భాగంలో 21 అడుగులు దాటితే ప్రవేశం లేదు. కాబట్టి ముందు మీ బండి పొడవు, ఎత్తు, వెడల్పు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పక్కన పెట్టుకునే దారి వేయండి. ఎత్తు మాత్రం స్టీరింగ్ దగ్గర కూడా అంటించండి. చాలా అద్దె ఇన్సూరెన్సుల్లో బండి పైభాగానికి తగిలిన దెబ్బ ఉండదు. తక్కువ ఎత్తున్న బంకు కప్పు, హోటల్ పోర్టికో, చెట్టు కొమ్మ, దేనికి తగిలినా ఆ ఖర్చు మీదే.

అపోహ: కారులో నాలుగు గంటలంటే ఆర్వీలో కూడా నాలుగు గంటలే.

మ్యాప్ చూపించిన సమయానికి కనీసం పావు వంతు కలపండి, కొండ దారైతే ఇంకాస్త. ఆర్వీలు నడిపేవాళ్లు 3-3-3 అని ఒక లెక్క చెప్పుకుంటారు: రోజుకు 300 మైళ్లు దాటొద్దు, మధ్యాహ్నం 3 కల్లా ఆగాలి, ఆగినచోట 3 రాత్రులు ఉండాలి. యూటాలో 300 మైళ్లు కూడా ఎక్కువే అంటాను. 150 చాలు.

దానికి కారణం 12వ నంబర్ హైవే మీద స్పష్టంగా కనిపిస్తుంది. ప్యాంగ్విచ్ దగ్గర నుంచి టోరీ దాకా 120 మైళ్ల పైచిలుకు. ఎస్కలాంటే, బౌల్డర్ ఊళ్ల మధ్య హాగ్‌బ్యాక్ అనే చోట రోడ్డు కొండ వీపు మీద నడుస్తుంది. రెండు వైపులా లోయ, పక్కన రెయిలింగ్ ఉండదు. ఆ తర్వాత 9,600 అడుగుల ఎత్తుకి ఎక్కి దిగుతుంది. నాకు తెలిసిన రోడ్లలో ఇంత అందమైనది ఇంకోటి లేదు. అందుకే దాన్ని తొందరగా దాటేయాలని చూసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఆగాలి, టీ పెట్టుకోవాలి, అమ్మానాన్నలను దింపి చూపించాలి. దిగేటప్పుడు బ్రేక్ మీదే కాలు పెట్టి ఉంచకండి. బ్రేకులు వేడెక్కితే పట్టు పోతుంది. గేరు తగ్గించి ఇంజిన్ పట్టు మీద దింపండి. ఈ ఒక్కటి మాత్రం బయల్దేరే ముందు పార్కింగ్ లాట్‌లోనే నేర్చుకుని వెళ్లండి.

గడియారం కూడా ఇక్కడ చిక్కు పెడుతుంది. వేసవిలో యూటా టైమ్ ఆరిజోనా కంటే గంట ముందుంటుంది. ఆరిజోనాలోనే ఉన్న నవాహో ప్రాంతం మళ్లీ యూటా టైమే పాటిస్తుంది. పేజ్ ఊరి పక్కనున్న యాంటిలోప్ క్యాన్యన్ నవాహో నేల మీదే ఉన్నా, టూర్లు మాత్రం ఆరిజోనా టైమ్ ప్రకారం నడుస్తాయి. మీ ఫోన్ దగ్గర్లోని టవర్‌ని బట్టి టైమ్ మార్చేస్తుంటుంది. ఆ టికెట్ మీద ఉన్న టైమ్‌ని చేతి గడియారంలో పెట్టుకోండి.

అపోహ: ఏడుగురు పడుకునే బండి, ఏడుగురం హాయిగా పడుకుని వెళ్లొచ్చు.

పడకల లెక్క వేరు, సీట్ బెల్టుల లెక్క వేరు. బుకింగ్ చేసేటప్పుడు బెల్టులు ఎన్నో అడగండి. పిల్లల కారు సీటు రోడ్డుకి ఎదురుగా తిరిగిన సీటులోనే బిగించాలి, పక్కకు తిరిగిన సోఫాలో కాదు. బండి కదులుతుండగా ఎవరూ లేచి తిరగకూడదు. బాత్రూమ్‌కి కూడా లేవకూడదు, పక్కకి తీసి ఆపాల్సిందే. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు ఉంటే గంటకోసారి ఆగేలా ప్లాన్ వేయండి. డ్రైవర్ తల మీది పడక నిచ్చెన ఎక్కి చేరేది, పిల్లలకు అది పండగ. వెనకనున్న మంచం నానమ్మ, తాతయ్యలకు ఇవ్వండి.

అపోహ: లోపల ప్లగ్ పాయింట్లు ఉన్నాయి కాబట్టి కరెంటు ఎప్పుడూ ఉంటుంది.

లోపల రెండు రకాల కరెంటు ఉంటుంది. లైట్లు, నీళ్ల పంపు, హీటర్ ఫ్యాన్ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తాయి. గోడకున్న ప్లగ్గులు, ఏసీ, మైక్రోవేవ్ నడవాలంటే క్యాంప్‌గ్రౌండ్‌లో, అంటే ఆర్వీలు రాత్రికి ఆపుకునే స్థలంలో, తీగ తగిలించాలి, లేదా జనరేటర్ వేయాలి. తీగ తగిలించినా చాలా అద్దె బండ్లకు 30 ఆంపియర్లే, అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ పెట్టి, పక్కనే ఇన్‌స్టంట్ పాట్ వేస్తే బ్రేకర్ పడిపోతుంది. బండి చెడిపోయిందని అర్ధరాత్రి వచ్చే ఫోన్లలో చాలావరకు ఇవే. ఒకటి ఆపి ఇంకోటి వేసుకోండి. ఇన్‌స్టంట్ పాట్‌కి బదులు గ్యాస్ పొయ్యి మీద పెట్టే పాత కుక్కర్ తెచ్చుకుంటే కరెంటు గొడవే లేదు. తాలింపు వేసేటప్పుడు మాత్రం కిటికీలు తీసి ఫ్యాన్ వేయండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది.

నేషనల్ పార్కుల క్యాంప్‌గ్రౌండ్లలో ఎక్కువ చోట్ల కరెంటు ఉండదు. గ్రాండ్ క్యాన్యన్ మాథర్‌లో లేదు, ఆర్చెస్ డెవిల్స్ గార్డెన్‌లో లేదు. జాయన్ వాచ్‌మన్‌లో కొన్ని సైట్లకు (బండి ఆపుకునే చోట్లకు) కరెంటు ఉంది, నీళ్ల కనెక్షన్ మాత్రం లేదు. రాత్రిళ్లు జనరేటర్ వేయనివ్వరు. అందువల్ల నాన్నగారు నిద్రలో ఊపిరి సాఫీగా ఆడేందుకు సీపాప్ మెషీన్ పెట్టుకుని పడుకునేవారైతే, కరెంటున్న సైట్ తీసుకోవాలి, లేదా దానికి విడిగా బ్యాటరీ తెచ్చుకోవాలి. బుకింగ్ రోజే ఈ సంగతి గుర్తు చేయండి. ఇంకోటి: పెట్రోలు పావు ట్యాంకుకి పడిపోతే జనరేటర్ దానంతటదే ఆగిపోతుంది. మీరు దారిలో నిలిచిపోకుండా అలా పెట్టారు.

గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్ ఉన్న బండిని సమతలంగా ఆపాలి. ఏటవాలుగా గంటలకొద్దీ ఉంచితే ఫ్రిజ్ చల్లబడదు, పెరుగు, దోసెల పిండి పోతాయి.

అపోహ: బాత్రూమ్ మనదే, ఇంట్లో లాగే వాడుకోవచ్చు.

వాడుకోవచ్చు, కానీ నీళ్లు వచ్చే ట్యాంకు ఒకటి, పోయే ట్యాంకులు రెండు ఉన్నాయని గుర్తుంచుకోవాలి. టాయిలెట్‌ది బ్లాక్ ట్యాంకు, సింకు, స్నానాలది గ్రే ట్యాంకు. మన ఇళ్లలో టాయిలెట్‌లో నీళ్లు వాడతాం కదా. అది తప్పేమీ కాదు, నిజానికి ఆ ట్యాంకుకి నీళ్లు ఉండటమే మంచిది. కాకపోతే కాగితం వాడేవాళ్లకంటే త్వరగా నిండుతుంది. ఆరుగురుంటే రెండు మూడు రోజులకోసారి, ఈ ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్ దారిలో ఉండేలా చూసుకోండి. క్యాంప్‌గ్రౌండ్‌లో పైపు తగిలించి ఉన్నా బ్లాక్ వాల్వు మూసే ఉంచాలి. తెరిచి వదిలేస్తే నీళ్లు కారిపోయి, గట్టిది అడుగున పేరుకుపోతుంది. దాన్ని వదిలించడం చాలా కష్టం. ఖాళీ చేసేటప్పుడు ముందు బ్లాక్, తర్వాత గ్రే. ఆ సబ్బు నీళ్లతో పైపు కడుక్కుపోతుంది. గ్లవ్స్ వేసుకోండి, తాగే నీళ్ల గొట్టాన్ని అక్కడ వాడొద్దు.

గ్రే ట్యాంకు విషయంలో మన వంటకి జాగ్రత్త కావాలి. గంజి, చింతపండు పిప్పి, కరివేపాకు, నూనె, ఏదీ సింకులో పోయొద్దు. పళ్లేలు ముందు పేపర్ టవల్‌తో తుడిచి, ఆ తర్వాత కడగండి. స్నానానికి ఒళ్లు తడిపి, నీళ్లు కట్టేసి, సబ్బు రుద్దుకుని, మళ్లీ నీళ్లు తిప్పుకోండి. అలవాటు లేకపోతే ఒక్క రాత్రిలోనే ట్యాంకు నిండిపోతుంది.

అపోహ: హోటల్ డబ్బులు మిగులుతాయి కాబట్టి చవక.

దంపతులు, ఒక బిడ్డ అయితే కారు, మోటెల్ చవక అని నేనే చెప్తాను. రోజు అద్దె మీద మైలుకి ఇంత అని, జనరేటర్ గంటకి ఇంత అని, గిన్నెలకీ దుప్పట్లకీ విడిగా, ఇన్సూరెన్స్, క్యాంప్‌గ్రౌండ్ ఫీజు కలుస్తాయి. గ్యాలన్‌కి 8 నుంచి 10 మైళ్లే ఇస్తుంది. 600 మైళ్లకు 60, 75 గ్యాలన్లు అనుకోండి. ఆరుగురికి రెండు గదులు, మూడు పూటలా హోటల్ భోజనం లెక్కేస్తే అప్పుడు ఆర్వీ ఖర్చు దానికి దగ్గరగా వస్తుంది.

పార్కు ఫీజులు కూడా మారాయి. 2026 జనవరి నుంచి అమెరికాలో నివసించేవాళ్లకు వార్షిక పాస్ 80 డాలర్లు, బయటివాళ్లకు 250. జాయన్, బ్రైస్, గ్రాండ్ క్యాన్యన్‌తో కలిపి 11 పార్కుల్లో, ఆ పాస్ లేని బయటివాళ్లకు మనిషికి 100 డాలర్లు అదనం. అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చి ఉంటే పార్క్ వెబ్‌సైట్‌లో ఆ నిబంధన చదివి బయల్దేరండి. మాన్యుమెంట్ వ్యాలీ, యాంటిలోప్ నవాహోలవి, అక్కడ ఈ పాస్ పనికిరాదు.

అపోహ: ఎడారే కదా, చలి బట్టలెందుకు?

బ్రైస్ అంచు 8,000 నుంచి 9,000 అడుగుల ఎత్తులో ఉంది. ఏప్రిల్, అక్టోబర్ రాత్రుళ్లు నీళ్ల గొట్టం గడ్డకడుతుంది. స్వెటర్లు తెచ్చుకోండి. రాత్రికి గొట్టం విప్పి లోపల పెట్టండి.

అపోహ: రాత్రి ఎక్కడ బడితే అక్కడ ఆపుకుని పడుకోవచ్చు.

కాదు. వాల్‌మార్ట్ పార్కింగ్ కూడా ఆ స్టోర్ మేనేజర్ ఒప్పుకుంటేనే, ఆ ఊరి చట్టం ఒప్పుకుంటేనే. వాచ్‌మన్, మాథర్ లాంటివి ఆరు నెలల ముందు తెరుచుకుని వెంటనే నిండిపోతాయి. ముందు క్యాంప్‌గ్రౌండ్లు, తర్వాత ఆర్వీ, ఆఖరున ఫ్లైట్ టికెట్లు. మనవాళ్లు దీన్ని తలకిందులుగా చేస్తారు.

అపోహ: దీనికి లారీ లైసెన్స్ కావాలి.

అద్దెకిచ్చే బండ్లకు మామూలు లైసెన్స్ చాలు. నేర్చుకోవాల్సింది వెనక భాగం గురించి. వెనక చక్రాల అవతల చాలా అడుగుల బండి ఉంటుంది. కుడికి తిప్పితే ఆ తోక ఎడమకి వెళ్తుంది. బంకు దగ్గర స్తంభాలకు గీసుకునేది అలాగే. వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి, అద్దంలో మీకు కనిపించేచోట నిలబడాలి. వాళ్లు కనిపించకపోతే బండి ఆపేయాలి.

మరి ఎలాంటి ప్లాన్ వేయాలి? ఏడు రాత్రులున్నవాళ్లకు నేను ఇలా వేసిస్తాను. బండి చేతికొచ్చేది మధ్యాహ్నం, కాబట్టి మొదటి రాత్రి 120 మైళ్ల దూరంలోని సెయింట్ జార్జ్‌లోనే. బండి అలవాటు చేసుకోండి, ఏదైనా పని చేయకపోతే ఊళ్లో ఉండగానే తెలుస్తుంది. రెండు, మూడు రాత్రులు జాయన్‌లో. బండి సైట్‌లోనే వదిలేసి షటిల్ బస్సులో తిరగండి. సీజన్‌లో లోపలి క్యాన్యన్ రోడ్డు మీద షటిల్ తప్ప వేరే బండ్లు తిరగనివ్వరు కూడా. నాలుగు, ఐదు రాత్రులు ఐ-15 చుట్టూ తిరిగి బ్రైస్‌లో. ఆరో రాత్రి కనాబ్‌లో, అది బ్రైస్ నుంచి 80 మైళ్ల లోపే. ఏడో రోజు ఫ్రెడోనియా, హరికేన్ మీదుగా లాస్ వేగాస్ చేరి, ఆ రాత్రి ఊళ్లోనే ఆర్వీ పార్క్‌లో ఉండండి. ఆర్చెస్, మాన్యుమెంట్ వ్యాలీ ఇంకో ఏడాదికి పెట్టుకోండి.

చివరి ఉదయం ఆ పార్క్‌లోనే ట్యాంకులు రెండూ ఖాళీ చేసి, తీసుకున్నప్పుడు ఎంతుందో అంత పెట్రోలు పోయించి, మాకు చెప్పిన టైమ్‌కి గంట ముందే బయల్దేరండి.