పద్నాలుగు మంది మాట, ఒక్కరి మాట

చిరంజీవులకు ఆశీస్సులు.

గాజాలో కాల్పుల విరమణ కోరిన తీర్మానానికి 2025 జూన్ 4న ఐక్యరాజ్యసమితి భద్రతా మండలిలో 14 దేశాలు సరేనన్నా, అమెరికా కాదనడంతో అది వీగిపోయిందని చదివి, “పద్నాలుగు మంది మాట కంటే ఒక్కరి మాట ఎలా నెగ్గింది, తాతయ్యా?” అని అడిగారు. దీని మూలం 1945 నాటి అమెరికా ఆలోచనలో ఉంది.

నా చిన్నతనంలో తొలకరికి ముందు ఊరంతా కలిసి చెరువు కట్ట బాగుచేసుకునేవారు. నేనూ నాన్న వెంట వెళ్లి, చిన్న తట్టతో మన్ను మోసి, మధ్యాహ్నం కట్ట మీదే అందరితో కూర్చుని సద్ది తినేవాణ్ని. అయితే పెద్ద రైతు ఎడ్లు, బండ్లు రానిదే గండి పూడేది కాదు. ఒక ఏడు ఆయన అలిగి రాలేదు. కట్ట తెగి, ఆయకట్టంతా బీడుపడింది. మరుసటి ఏడు పెద్దలు ఆయన ఇంటికి వెళ్లి, ఆయన సమ్మతి లేనిదే తూము తెరవబోమని మాట ఇచ్చి పనిలోకి తెచ్చుకున్నారు. చివరి మడుల వారికి అది నచ్చకపోయినా, నీళ్లు కావాలి గనుక ఒప్పుకున్నారు.

మొదటి ప్రపంచయుద్ధం తర్వాత శాంతి కోసం పుట్టిన నానాజాతి సమితి కథ కూడా ఇంతే. దాన్ని తలపెట్టింది అమెరికా అధ్యక్షుడు విల్సన్. సెనేట్ ఆమోదించక అమెరికాయే అందులో చేరలేదు. మళ్లీ ప్రపంచయుద్ధం వచ్చాక, పెద్ద దేశాలు లోపల ఉంటేనే శాంతి నిలుస్తుందనీ, తమకు ఇష్టం లేని చర్యను ఆపగలమన్న భరోసా లేనిదే అవి లోపల ఉండవనీ అప్పటి అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తలచాడు. ఆయన 1945 ఏప్రిల్ 12న కన్నుమూశాడు. 25న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఐక్యరాజ్యసమితిని ఏర్పరచే సభ మొదలైంది. కర్నూలులో పుట్టిన ఆర్కాటు రామస్వామి మొదలియారు, ఇంకా బ్రిటిషు పాలనలోనే ఉన్న మన దేశం తరఫున బృందానికి నాయకుడిగా వెళ్లారు. పెద్ద దేశాల్లో ఏ ఒక్కటి కాదన్నా తీర్మానం ఆగిపోయే ఆ ప్రత్యేక హక్కు, అంటే వీటో, కూడదని చిన్న దేశాలు గట్టిగా వాదించినప్పుడు, అమెరికా సెనేటర్ కానలీ సమితి నియమావళి అయిన చార్టర్ ప్రతిని అందరి ఎదుటే చింపి, ఇది వద్దంటే చార్టరే ఉండదని చూపాడు. చివరకు అవి ఒప్పుకున్నాయి. జూలై 28న అమెరికా సెనేట్ 89–2 ఓట్లతో చార్టర్‌ను ఆమోదించింది.

పెద్ద రైతును పనిలోకి పిలవడం సబబే. తూము మీద ఆ హక్కు ఎన్నటికీ మారకపోవడం మాత్రం అన్యాయమని నేను నమ్ముతాను. చార్టర్‌ను సవరించాలన్నా ఆ హక్కున్న 5 దేశాలూ ఒప్పుకుని తీరాలి. అంత బలమున్నవారు పెద్దమనసు చూపవలసింది సరిగ్గా అక్కడే.

అయినా చివరి మడుల వారు ఊరుకోలేదు. మండలిలో ఎవరు వీటో వేసినా, 10 పనిదినాల్లోగా అన్ని సభ్యదేశాలూ కూర్చునే సర్వప్రతినిధి సభ కూడి దానిపై చర్చించాలని 2022లో తీర్మానించారు. జూన్ 4 తర్వాత, 12న ఆ సభలో కాల్పుల విరమణకు 149 దేశాలు ఓటు వేశాయి. ఆ ఓట్ల పట్టిక తెచ్చుకుని, అమెరికా పక్కన నిలిచినవి ఏవో, మన దేశం ఏం చేసిందో, ఎందుకు చేశానని చెప్పిందో చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య