చేతిలో బైబిల్, చివరి రాత్రి మంట: పిల్లల క్యాంపుల వెనక ఉన్న కథ

సమ్మర్ క్యాంప్ అయిపోయాక టీమ్ అంతా కూర్చున్నప్పుడు ముందు వచ్చే ప్రశ్న ఒకటే, ఈసారి ఎంతమంది పిల్లలు యేసుని నమ్ముకుంటామని నిర్ణయం తీసుకున్నారు అని. ఎన్ని బైబిళ్ళు పంచాం అనేది రెండోది. ఆ బైబిల్ తెరిచి చదువుకోవడం పిల్లలకి వచ్చిందా, ఇంటికెళ్ళాక వాళ్ళ పక్కన కూర్చునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని మూడోది కూడా అడగాలి కదా, అది చాలాసార్లు ఎవరికీ గుర్తు రాదు. నేను చాలా ఏళ్ళుగా క్యాంపుల్లో వాలంటీర్‌గా ఉంటున్నా, ఈ వరస ఇలా ఎలా అయ్యిందా అని పాత సంగతులు చదువుతుంటే తెలిసింది ఏంటంటే ఈ మూడు ప్రశ్నలూ మూడు వేరే వేరే చోట్ల పుట్టి క్యాంపులోకి వచ్చి కలిశాయి, అందులో అందరికంటే ముందు పుట్టింది ఆ మూడోదే.

1780లో ఇంగ్లాండ్‌లో గ్లోస్టర్ అనే ఊళ్ళో రాబర్ట్ రైక్స్ అని ఒక పత్రిక నడిపే ఆయన ఉండేవాడు. ఆ ఊళ్ళో పిల్లలు వారంలో ఆరు రోజులు పిన్నులు తయారుచేసే చోట పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగేవాళ్ళు, వాళ్ళ కోసం ఆయన ఒకావిడకి డబ్బులిచ్చి ఆవిడ ఇంట్లోనే చదువు చెప్పించడం మొదలుపెట్టాడు. ఆయనకంటే ముందే 1769లో హన్నా బాల్ అనే ఆవిడ హై వైకంబ్‌లో ఇలాంటి పని చేసింది గానీ రైక్స్ చేతిలో పత్రిక ఉంది కాబట్టి ఆయన రాసింది దేశమంతా పాకింది. ఇక్కడ గమనించాల్సింది, ఆ పిల్లలకి అక్షరాలు నేర్పడానికి వాడిన పుస్తకం బైబిలే. అంటే చదవడం రావడం, వాక్యం తెలియడం రెండూ ఒకే పని. 1831 నాటికి బ్రిటన్‌లో దాదాపు 12 లక్షల 50 వేల మంది పిల్లలు సండే స్కూళ్ళకి వెళ్తున్నారు.

రెండో ప్రశ్న, బైబిళ్ళు పంచడం, వేల్స్ నుంచి వచ్చిందనుకోవచ్చు. మేరీ జోన్స్ కథ సండే స్కూల్లో వినని వాళ్ళు తక్కువ, 15 ఏళ్ళ పిల్ల ఆరేళ్ళు డబ్బులు కూడబెట్టుకుని 1800లో పాతిక మైళ్ళ దాకా నడిచి బాలా ఊరికి వెళ్ళి థామస్ చార్లెస్ అనే పాస్టర్ గారి దగ్గర బైబిల్ కొనుక్కుంది. ఆ కథ, వేల్స్‌లో బైబిళ్ళ కొరత, ఇవన్నీ కలిసి 1804లో లండన్‌లో బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ పుట్టడానికి కారణమయ్యాయి. మనం ఈ కథ చెప్పినప్పుడు ఆ నడక దగ్గరే ఆగిపోతాం. ఆ పిల్లకి అప్పటికే చదవడం వచ్చు, చార్లెస్ గారు పెట్టించిన బళ్ళలోనే నేర్చుకుంది, పుస్తకం కంటే ముందు ఆకలి ఉంది. మనం ఇప్పుడు ఆకలి సంగతి చూడకుండా వడ్డించేసి ప్లేట్లు లెక్కపెట్టుకుంటున్నాం అనిపిస్తుంది నాకు.

మొదటి ప్రశ్న పూర్తిగా వేరే చోట నుంచి వచ్చింది. 1801లో అమెరికాలో కెంటకీలోని కేన్ రిడ్జ్ దగ్గర వేలమంది బళ్ళు కట్టుకుని వచ్చి గుడారాల్లో ఉండి రోజుల తరబడి ప్రసంగాలు విన్నారు, ఏడ్చారు, కిందపడ్డారు, మారుమనస్సు పొందామన్నారు. ఇలాంటి క్యాంప్ మీటింగులు తర్వాత చాలా జరిగాయి. ఇంటికి దూరంగా ఉండడం, కలిసి పాడడం, రాత్రి వెలుగులో ప్రసంగం, చివర్లో ముందుకు రమ్మని పిలుపు, ఈ నాలుగూ అక్కడివే. అదంతా పెద్దవాళ్ళ కోసం పెట్టింది. తర్వాత ఎడ్వర్డ్ పేసన్ హామండ్ అనే అమెరికా సువార్తికుడు అలాంటి కూటాలే ప్రత్యేకంగా పిల్లలకి పెట్టి పేరు తెచ్చుకున్నాడు.

దీనికి ఎదురుమాట అప్పటికే ఉంది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పాస్టర్‌గా ఉన్న హొరేస్ బుష్నెల్ 1847లో క్రిస్టియన్ నర్చర్ అని పుస్తకం రాశాడు. విశ్వాసుల ఇంట్లో బిడ్డ తాను క్రైస్తవుడు కాని రోజు ఒకటి ఉందని కూడా తెలియకుండా పెరగాలి అనేది అందులో ఆయన వాదన. పాపం, మారుమనస్సు తేలికైపోతాయని చాలామంది ఆయన మీద మండిపడ్డారు, ఆ భయం కూడా తీసిపారేసేది కాదు. కానీ ఏడెనిమిదేళ్ళ బిడ్డని ఒక్క రాత్రిలో అటో ఇటో తేల్చుకోమని అడగొచ్చా అనే ప్రశ్న ఉంది చూడండి, అది అప్పటి నుంచి ఇప్పటి దాకా తెగలేదు, ప్రతి క్యాంపులోనూ చివరి రాత్రి మళ్ళీ లేస్తుంది.

నాకు ఈ చరిత్ర అంతట్లో బాగా నచ్చిన మనిషి జొసయా స్పియర్స్. హామండ్ లండన్‌లో పెట్టిన కూటాలు చూసి కదిలిపోయి 1867లో లండన్‌లోనే ఇస్లింగ్టన్‌లో ఒక ఇంటి ముందుగదిలో 15 మంది దాకా పిల్లల్ని కూర్చోబెట్టి తనూ కూటాలు మొదలుపెట్టాడు. మరుసటి ఏడాది సెలవులకి వేల్స్‌లోని లాండుడ్నో బీచ్‌కి వెళ్ళి అక్కడ ఆడుకుంటున్న పిల్లల్ని పిలిచి ఇసుకలో పెద్ద అక్షరాలు గీసి వాటిని రాళ్ళతో, నాచుతో అలంకరించమన్నాడు. వాళ్ళు అలంకరించింది దేవుడు ప్రేమాస్వరూపి అనే మాటని. తర్వాత కూర్చోబెట్టి కథ చెప్పాడు. పిల్లల చేతులకి పని ఇచ్చి ఆ పనిలోనే వాక్యం పెట్టాడు, భయపెట్టలేదు, తొందరపెట్టలేదు. ఆ పనే పెరిగి ఇప్పటి స్క్రిప్చర్ యూనియన్ అనే సంస్థ అయింది, 1879లో వాళ్ళే పిల్లలకి ఏ రోజు ఏ భాగం చదవాలో కార్డు వేసి ఇవ్వడం మొదలుపెట్టారు. నా లెక్కలో ఆ కార్డు చాలా గొప్ప ఆలోచన, ఎందుకంటే అది క్యాంపు అయిపోయిన మర్నాడు ఉదయం గురించి ఆలోచించింది.

సమ్మర్ క్యాంపు అనే రూపం ఆ తర్వాత వచ్చింది. 1880లో అమెరికాలో జార్జ్ హింక్లీ అనే పాస్టర్ ఏడుగురు అబ్బాయిల్ని రోడ్ ఐలాండ్‌లో ఒక దీవికి తీసుకెళ్ళాడు, చర్చి క్యాంపుల్లో మొదటిదిగా చాలామంది దాన్నే చెప్తారు. 1885లో వైఎంసీఏ అనే క్రైస్తవ యువకుల సంఘం తరఫున సమ్నర్ డడ్లీ కూడా ఏడుగురితోనే మొదలుపెట్టాడు. ఏడుగురు అంటే ప్రతి పేరూ గుర్తుంటుంది, ఎవడు రాత్రి ఏడ్చాడో తెలుస్తుంది. క్యాంపుకి పంపలేని పేద ఇళ్ళ పిల్లల కోసం 1898లో న్యూయార్క్‌లో ఎలైజా హాస్ అనే ఆవిడ, ఒక డాక్టర్ భార్య, వేసవిలో వీధుల్లో తిరిగే పిల్లల్ని చూసి ఒక బీర్ హాల్ అద్దెకి తీసుకుని అందులో రోజూ బైబిల్ బడి నడిపింది. వీబీఎస్, అంటే వేసవి సెలవుల్లో చర్చిలు నడిపే బైబిల్ బడి, దాని చరిత్ర చెప్పేటప్పుడు ఆవిడ పేరు ముందు వరసలో వస్తుంది. రాబర్ట్ బోవిల్ అనే ఆయన 1901 నుంచి ఆ పద్ధతిని ఊరూరా విస్తరించాడు.

క్యాంపుల్లో పిల్లలు కట్టుకునే రంగు పూసల బ్రేస్‌లెట్ ఉంటుంది కదా, దాని మూలం 1866లో లండన్ ప్రసంగీకుడు స్పర్జన్ గారు చెప్పిన అక్షరాలు లేని పుస్తకం, అందులో పేజీల రంగులే సువార్త చెప్తాయి. అప్పుడు నలుపు, ఎరుపు, తెలుపు మూడే, 1875లో అమెరికా సువార్తికుడు మూడీ గారు బంగారు రంగు కలిపారు, ఆకుపచ్చ ఇంకా తర్వాత వచ్చింది. చదవడం రాని బిడ్డకి కూడా సువార్త అందాలనే ప్రేమతో చేసింది అది. అయితే పూసలు కట్టించి అక్కడితో సరిపెట్టేస్తే మాత్రం రైక్స్ వేసిన పునాది వదిలేసినట్టే.

ఇక బాధ కలిగించే భాగం. ఇంటికి దూరంగా, నమ్మకం మీద నడిచే చోట పెద్దవాళ్ళకి పిల్లల మీద చాలా అధికారం వచ్చేస్తుంది. ఇంగ్లాండ్‌లో ఐవర్న్ అనే క్రైస్తవ క్యాంపులతో సంబంధం ఉన్న జాన్ స్మైత్ అనే లాయర్ అక్కడ పరిచయమైన కుర్రాళ్ళని దారుణంగా కొట్టాడు, 1982లోనే లోపల రిపోర్టు ఉన్నా దాన్ని బయటికి రానివ్వలేదు, చివరికి 2024 నవంబర్‌లో దీని మీద మేకిన్ రివ్యూ అనే విచారణ రిపోర్టు వచ్చాక ఇంగ్లాండ్ చర్చికి పెద్దగా ఉన్న అప్పటి కాంటర్‌బరీ ఆర్చ్‌బిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. ఇది సువార్తకి మచ్చ అని దాచేవాళ్ళే అసలు మచ్చ. పిల్లల హక్కుల మీద 1989లో వచ్చిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 14వ ఆర్టికల్ బిడ్డకి మనస్సాక్షి, మత స్వేచ్ఛ ఉందని చెప్తూనే దారి చూపించే హక్కూ బాధ్యతా తల్లిదండ్రులవని కూడా చెప్తుంది. కాబట్టి అమ్మానాన్నలకి తెలియకుండా పిల్లల చేత నిర్ణయాలు చేయించడం, ఒక్కో బిడ్డని ఎవరూ చూడని గదిలోకి తీసుకెళ్ళి ప్రార్థన చేయించడం, ఇవి ఎంత మంచి ఉద్దేశంతో చేసినా మానేయాల్సిందే.

నేను చూసిన ఒక సంగతి చెప్తా. ఒక క్యాంపులో చివరి రాత్రి మంట చుట్టూ కూర్చోబెట్టి, నిర్ణయం తీసుకున్నవాళ్ళు ఒక పుల్ల తెచ్చి మంటలో వేయండి అన్నారు. తొమ్మిదేళ్ళ బాబు ఒకడు రెండోసారి కూడా లేచి వేశాడు. తర్వాత పక్కన కూర్చుని అడిగితే, అందరూ వేస్తున్నారు అక్కా, నాది సరిగ్గా కాలలేదేమో అనుకున్నా అన్నాడు. అదే బాబు మర్నాడు పొద్దున బస్సు ఎక్కే ముందు, అప్పుడే ఇచ్చిన కొత్త బైబిల్ ఒళ్ళో పెట్టుకుని యోహాను సువార్త ఎక్కడుందో వెతుక్కుంటూ మొదటి పుస్తకం ఆదికాండం నుంచి ఒక్కో పేజీ తిప్పుతున్నాడు, ఇంకా అంటుకునే ఉన్న పేజీల్ని గోటితో విడదీసుకుంటూ. విషయసూచిక ఉంటుందని ఆ నాలుగు రోజుల్లో వాడికి ఎవ్వరం చెప్పలేదు. బస్సు హారన్ కొట్టేసింది.

ఆ తర్వాతి ఏడాది నుంచి మా టీమ్‌లో బైబిళ్ళు మొదటి రోజు ఉదయమే ఇచ్చేస్తున్నాం, మొదటి పేజీలో ఎవరి పేరు వాళ్ళే రాసుకుంటారు, మొదటి గంట అంతా విషయసూచిక, అధ్యాయం, వచనం ఎలా వెతకాలో ఆటలాగా నడుస్తుంది. రాత్రి మంట ఉంటుంది, పాటలు ఉంటాయి, పుల్లలు మాత్రం లేవు, మాట్లాడాలనుకున్న బిడ్డ మర్నాడు పగటి వెలుగులో, అందరికీ కనిపించే చోట అక్కతోనో అన్నయ్యతోనో మాట్లాడొచ్చు. రిపోర్టులో నిర్ణయాల గడి ఇంకా ఉంది, మేము దాన్ని ఖాళీగా వదిలి కింద ఇంకో లైన్ రాస్తున్నాం, ఏ బిడ్డ ఏ అధ్యాయం దగ్గర ఆగాడు, ఇంటి దగ్గర వాడితో ఎవరు చదువుతారు అని.