ఎకో నార్మల్ అంటే బ్లాకులు లేవని కాదు: గుండె పరీక్షలపై అపోహలు, వాస్తవాలు

ఛాతీలో బరువుగా ఉంటోందని వచ్చినవారితో యాంజియోగ్రామ్ (గుండె రక్తనాళాల్లోకి రంగుమందు ఎక్కించి పూడికలు చూసే ఎక్స్‌రే పరీక్ష) అవసరం పడవచ్చని అనగానే, చాలామంది సంచిలోంచి పాత ఎకో (ధ్వని తరంగాలతో తీసే గుండె స్కాన్) రిపోర్టు తీసి బల్ల మీద పెడతారు. "ఎకో నార్మల్ అనే రాశారు కదండీ, ఇక బ్లాకులు ఎక్కడి నుంచి వస్తాయి?" అన్నది వారి ప్రశ్న. గుండె పరీక్షలు చేసి రిపోర్టులు రాయడమే వృత్తిగా ఉన్న నాకు ఈ ప్రశ్న ఎన్నిసార్లు ఎదురైందో లెక్కలేదు. అడిగేవారి తప్పు ఇందులో ఏమీ లేదు. "అంతా బాగుంది, వెళ్లిరండి" అని ఒక్క ముక్కలో తేల్చేసి, ఏమి చూసి బాగుందన్నారో చెప్పకుండా పంపించే వైద్యరంగపు అలవాటుకు ఇందులో సగం వాటా ఉంది.

అపోహ: ఎకో నార్మల్‌గా ఉంటే గుండె రక్తనాళాల్లో పూడికలు లేనట్లే.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. మిగతావి మనిషిని భయపెట్టి వదిలేస్తాయి. ఇది మాత్రం ధైర్యం చెప్పి ప్రాణం మీదికి తెస్తుంది.

ఎకోలో మేము చూసేది గుండె గదులను, కండరాన్ని, కవాటాలను, వాటి గుండా రక్తం పారే తీరును. కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులు గుండె పైపొర మీద పాకుతూ, మూడు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పుతో, ప్రతి స్పందనకూ గుండెతో పాటు కదిలిపోతూ ఉంటాయి. పెద్దవారిలో ఛాతీ మీద ప్రోబ్ పెట్టి చేసే మామూలు ఎకోలో వాటి లోపల ఎక్కడ ఎంత పూడిందో చూడడం సాధ్యం కాదు. మేము పూడికను ఊహించేది పరోక్షంగా మాత్రమే: గుండె గోడలో ఒక భాగం తక్కిన భాగాలతో సమానంగా లోపలికి ముడుచుకోకపోతే, ఆ భాగానికి రక్తం తెచ్చే నాళంలో ఏదో తేడా ఉందని అనుమానిస్తాము. రిపోర్టుల్లో "ఆర్‌డబ్ల్యూఎంఏ" అని కనిపించేది ఇదే. అయితే ఇది బయటపడాలంటే ఆ కండరం ఇదివరకే దెబ్బతిని అయినా ఉండాలి, లేదా సరిగ్గా పరీక్ష జరిగే సమయానికి దానికి రక్తం చాలకుండా అయినా ఉండాలి.

పడుకుని ఉన్నప్పుడు రక్తం చాలకపోవడం అంత సులువుగా జరగదు. పూడిక పెరుగుతున్నకొద్దీ దాని దిగువన ఉన్న సన్నని నాళాలు వ్యాకోచించి లోటును సర్దుకుంటాయి. ఈ సర్దుబాటు వల్ల ధమని వెడల్పులో దాదాపు 85 శాతం మూసుకుపోయేదాకా విశ్రాంతిలో ఉన్న గుండెకు రక్తప్రవాహం పెద్దగా తగ్గకపోవచ్చు. మెట్లు ఎక్కినప్పుడో, వేగంగా నడిచినప్పుడో గుండె ఎక్కువ రక్తం అడుగుతుంది; అప్పటికే వ్యాకోచించి ఉన్న నాళాల వద్ద ఇవ్వడానికి ఇంకేమీ మిగిలి ఉండదు. ఖాళీ బండిని చదును దారిలో లాగుతున్న ఎద్దును చూసి దాని సత్తా చెప్పలేము. బరువు వేసి ఎగువకు తోలితేనే తెలుస్తుంది. గుండెకు ఆ బరువు వేసి చూసేవే స్ట్రెస్ పరీక్షలు.

యాభై దాటిన ఒక పెద్దమనిషి విషయం చెప్తాను. రెండో అంతస్తు చేరేసరికి ఛాతీ మధ్యలో ఎవరో అదిమినట్లు ఉండేది, రెండు నిమిషాలు నిలబడితే తగ్గిపోయేది. వేరే చోట తీసిన ఎకో నార్మల్ అని ఉండడంతో అది గ్యాస్ అని ఆయన నిశ్చయించుకుని, నెలల తరబడి గ్యాస్ మాత్రలు వేసుకున్నారు. మా దగ్గర స్ట్రెస్ ఎకో చేశాము. ముందు పడుకోబెట్టి తీసిన బొమ్మల్లో వంక పెట్టడానికి ఏమీ లేదు. పాత రిపోర్టు రాసినవారు అబద్ధం రాయలేదు. తర్వాత ట్రెడ్‌మిల్ మీద నడిపించి, ఆపిన వెంటనే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాము. నిమిషం, మహా అయితే నిమిషంన్నర లోపల బొమ్మలు పట్టుకోవాలి. ఆలస్యమైతే కండరం కోలుకుని తేడా మాయమైపోతుంది. ముందటి బొమ్మలనూ తర్వాతి బొమ్మలనూ తెర మీద పక్కపక్కన పెట్టి ఆడిస్తే, ఎడమ జఠరికలో వెనుక గోడ బలంగా లోపలికి వస్తుండగా, ముందు గోడా గుండె కొసా మందపడకుండా అలాగే నిలిచిపోయి కనిపించాయి. యాంజియోలో ఎల్ఏడీ అనే ముందువైపు ధమని మొదట్లోనే బాగా సన్నబడి ఉంది. ఆ పాత రిపోర్టు అడిగిన ప్రశ్నకు సరైన సమాధానమే ఇచ్చింది. ఆయనకు కావలసిన ప్రశ్నను మాత్రం ఎవరూ అడగలేదు.

శ్రమ చేసినప్పుడు వచ్చి, ఆగితే తగ్గే నొప్పి గాని, బిగుతు గాని, ఆయాసం గాని ఉంటే, చేతిలో ఎన్ని నార్మల్ ఎకోలు ఉన్నా ఆ లక్షణానికే విలువ ఎక్కువ. వైద్యుడితో మొదట చెప్పవలసినది కూడా అదే. అలాగని ఎకో వ్యర్థమని అర్థం కాదు. కవాటం సన్నబడడం, లీకవడం, గుండె చుట్టూ నీరు చేరడం, పంపింగ్ తగ్గడం వంటివి తెలుసుకోవడానికి మొట్టమొదట చేయవలసిన పరీక్ష అదే.

అపోహ: టీఎంటీ (ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష) నెగటివ్ వస్తే గుండెపోటు రాదు.

ఇది పై అపోహకు తమ్ముడు. మామూలు ఈసీజీతో చేసే టీఎంటీ, ముఖ్యమైన పూడికలు ఉన్నవారిలో సగటున 68 శాతం మందినే పట్టుకుంటుందని, లేనివారిలో 77 శాతం మందికే సరిగ్గా లేదని చెప్తుందని అనేక పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. పైగా ఈ పరీక్ష పసిగట్టగలిగేది ప్రవాహానికి అడ్డుపడేంత పెద్ద పూడికను మాత్రమే. ప్రవాహానికి అడ్డుపడని చిన్న కొవ్వు పొర హఠాత్తుగా పగిలి, దాని మీద రక్తం గడ్డకట్టి గుండెపోటు రావడం అరుదేమీ కాదు. కనుక నెగటివ్ రిపోర్టు చూపించి సిగరెట్టు కొనసాగించేవారితో, బీపీ, షుగరు మాత్రలు మానేసేవారితో వాదించే ఓపిక నాకు ఈమధ్య తగ్గిపోతోంది.

ఇంకొక సంగతి. 220లోంచి వయసు తీసేస్తే వచ్చే సంఖ్యలో 85 శాతాన్ని గుండె వేగం అందుకోవాలని సాధారణంగా చూస్తాము. 50 ఏళ్లవారికి అది నిమిషానికి దాదాపు 145. మోకాళ్ల నొప్పితోనో, అలసటతోనో అంతకు ముందే దిగిపోతే, ఈసీజీలో మార్పు రాకపోయినా అది నెగటివ్ కాదు, అసంపూర్ణ పరీక్ష. లెఫ్ట్ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలోని విద్యుత్ దారిలో అడ్డంకి, రక్తనాళపు పూడిక కాదు) ఉన్నవారికి, పేస్‌మేకర్ మీద గుండె నడుస్తున్నవారికి, డిజాక్సిన్ అనే గుండె మందు వాడుతున్నవారికి ఈసీజీ మార్పులను నమ్మలేము. వారికి స్ట్రెస్ ఎకో, న్యూక్లియర్ స్కాన్ లేదా సీటీ యాంజియో వంటి వేరే దారి చూడాలి. నడవలేనివారికి గుండెను వేగంగా, బలంగా కొట్టుకునేలా చేసే డోబుటమిన్ మందును నరంలోకి క్రమంగా పెంచుతూ ఎక్కించి స్ట్రెస్ ఎకో చేయవచ్చు.

అపోహ: టీఎంటీ పాజిటివ్ వస్తే వెంటనే స్టెంట్ వేయాలి.

పాజిటివ్ అన్న మాట వినగానే ముఖం పాలిపోయి కుర్చీలో కూలబడేవారిని చూస్తే జాలి వేస్తుంది. అది తప్పుడు పాజిటివ్ కావచ్చు. మహిళల్లో ఇది మరీ తరచు. నిజమే అయినా తొందర అన్నివేళలా అవసరం లేదు. 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో, స్థిరంగా ఉన్న రోగుల్లో మందులతో మొదలుపెట్టిన పద్ధతి కంటే ముందే యాంజియో చేసి స్టెంటో, బైపాసో చేసిన పద్ధతి మరణాలనూ గుండెపోట్లనూ తగ్గించినట్లు తేలలేదు. నొప్పి ఉన్నవారికి ఉపశమనం మాత్రం మెరుగ్గా దక్కింది. ఎడమ ప్రధాన ధమనిలో పూడిక ఉన్నవారిని, పంపింగ్ బాగా తగ్గినవారిని ఆ అధ్యయనంలో చేర్చలేదు, కాబట్టి ఆ మాట వారికి వర్తించదు.

ఇక మిగిలినవి.

ఎకోలో రేడియేషన్ లేదు. 1953లో స్వీడన్‌లోని లుండ్‌లో వైద్యుడు ఎడ్లర్, భౌతికశాస్త్రవేత్త హెర్ట్జ్ గుండె కదలికలను మొదటిసారి నమోదు చేసింది లోహాల్లో పగుళ్లు వెతికే అతిధ్వని యంత్రంతో. నేటికీ వాడేది ధ్వని తరంగాలనే. గర్భిణులకూ నిశ్చింతగా చేస్తాము.

ఈఎఫ్ 60 శాతం అంటే గుండె 40 శాతం పాడైందని కాదు. నిండిన రక్తంలో ఒక్క స్పందనకు బయటికి పంపే భాగం అది. నూటికి నూరు ఎవరికీ ఉండదు, 55 నుంచి 70 మధ్య ఉంటే నిక్షేపంగా ఉన్నట్లే. ఈ ఒక్క అంకె చూసుకుని రాత్రంతా ఏడ్చి వచ్చిన దంపతులను నేను ఎరుగుదును. "ట్రివియల్ ఎంఆర్", "ట్రివియల్ టీఆర్" అన్నవి మైట్రల్, ట్రైకస్పిడ్ కవాటాల్లో ఆరోగ్యవంతుల్లోనూ తరచుగా కనిపించే నామమాత్రపు లీకులు. అరవై దాటినవారిలో "గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్", అంటే గుండె సడలి నిండడంలో కొద్దిపాటి మందగింపు, కూడా సర్వసాధారణం.

టీఎంటీ చేస్తే గుండెపోటు వస్తుందన్న ప్రచారం నిజానికి చాలా దూరం. గుండెపోటు లేదా మరణం సంభవించే అవకాశం సుమారు 2,500 పరీక్షల్లో ఒకటిగా అంచనా. అందుకే వైద్యుడి పర్యవేక్షణలో, డీఫిబ్రిలేటర్ (గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే యంత్రం) పక్కన పెట్టుకుని చేస్తారు. పరీక్ష కోసం బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) మాత్రను ఒకటి రెండు రోజులు ఆపమని కొందరికి చెప్తారు, కొందరికి చెప్పరు. చెప్పకుండా మీ అంతట మీరు ఆపవద్దు.

నొప్పి ఇప్పుడే వస్తూ, విశ్రాంతిలో కూడా తగ్గకుండా, చెమటలు పట్టిస్తూ ఉంటే ఎకోకో, టీఎంటీకో అపాయింట్‌మెంట్ తీసుకుని ఎదురుచూడకూడదు. ఆ స్థితిలో ట్రెడ్‌మిల్ ఎక్కించడమే ప్రమాదం. నేరుగా అత్యవసర విభాగానికి వెళ్తే పది నిమిషాల్లోపు ఈసీజీ తీయాలన్నది నియమం, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ కోసం రక్తం తీసుకుంటారు, అనుమానం ఉంటే రెండూ మళ్లీ చేస్తారు. ఎకో అవసరమనుకుంటే మంచం దగ్గరికే మిషన్ తెచ్చి చూస్తారు.