పిల్లల దవడ వాపు: కత్తి కన్నా ముందు పేరు తెలియాలి

పిల్లల దవడ వాచిందంటే చాలావరకు పుచ్చిపన్నో చీముగడ్డో కారణం. పన్నుకు వైద్యం చేస్తే తగ్గిపోతుంది. తగ్గకపోతేనే జాగ్రత్త పడాలి. పుచ్చు లేని పళ్లు ఒకే చోట రెండు మూడు కదలడం, వారం వారం వాపు పెరగడం, కింది పెదవి తిమ్మిరెక్కడం మామూలు పంటి జబ్బు లక్షణాలు కావు. ఆరేడేళ్ల వయసులో పాలపళ్లు కదలడం సహజమే కాబట్టి మొదటి లక్షణం సులువుగా మరుగున పడుతుంది. తిమ్మిరిని మాత్రం ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. కింది పెదవికి స్పర్శనిచ్చే నరం దవడ ఎముకలోని సన్నని కాలువ గుండా వస్తుంది. ఎముకలో పెరిగే కణితి ఆ నరాన్ని నొక్కితే పెదవి మొద్దుబారుతుంది.

ఎక్స్‌రేలో పంటి వేరు చుట్టూ సన్నని నల్లగీత కనిపిస్తుంది. అది ఒకటి రెండు పళ్ల దగ్గర మాత్రమే వెడల్పుగా ఉంటే ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్‌ను అనుమానించాలి. అనుమానం వరకే ఎక్స్‌రే పని. స్కానింగ్ కణితి ఎంతవరకు పాకిందో చూపుతుంది. జబ్బు పేరు తేల్చేది బయాప్సీయే, అంటే కణితి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించడమే. ముక్క ఎక్కడి నుంచి తీయాలో, తర్వాత ఆపరేషన్ చేయబోయే సర్జనుతో ముందే మాట్లాడుకోవాలి. లేకపోతే ఆ కోతే తర్వాతి ఆపరేషన్‌కు అడ్డుపడవచ్చు.

పేరు కోసం ఇంత పట్టుదల ఎందుకంటే, పైకి ఒకేలా కనిపించే వాపులకు వైద్యాలు పూర్తిగా వేరు. ఉగాండా పిల్లల్లో చూసిన దవడ కణితుల గురించి డెనిస్ బర్కిట్ 1958లో రాశారు. ఆయన స్వయంగా సర్జను. అయినా ఆ జబ్బుకు పనిచేసింది కత్తి కాదు, మందులు. ఆయన పేరుతోనే పిలిచే ఈ బర్కిట్ లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) కణాలు ఒకటి రెండు రోజుల్లోనే రెట్టింపు కాగలవు. కీమోథెరపీకి అంతే వేగంగా కరుగుతాయి. చచ్చిన కణాల వ్యర్థాలు ఒక్కసారిగా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీయకుండా ముందు నుంచే సెలైన్ ఎక్కిస్తారు.

ఆస్టియోసార్కోమాకు చుట్టూ కొంత ఆరోగ్యకరమైన ఎముకతో సహా కోసి తీయడమే ప్రధాన వైద్యం. మరో ఎముక క్యాన్సర్ అయిన ఈవింగ్ సార్కోమాలో సాధారణంగా 11, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై ఉంటాయి. దీని వైద్యంలో మొదట కీమో, తర్వాత ఆపరేషన్ లేదా రేడియేషన్, ఆపై మళ్లీ కీమో. లాంగర్‌హాన్స్ కణాల జబ్బు (ఒక రకం రోగనిరోధక కణాలు అదుపుతప్పి పేరుకునే జబ్బు) కూడా పళ్లను కదిలిస్తుంది. అది దవడలో ఒక్కచోటే ఉంటే గోకి తీయడంతోనే చాలాసార్లు నయమవుతుంది. అలాంటి బిడ్డకు పొరపాటున దవడ కోసేయడం కన్నా ఘోరం ఉండదు.

తీసేసిన దవడ స్థానంలో కాలి నుంచి సన్న ఎముకను రక్తనాళాలతో సహా తెచ్చి అతుకుతారు. అయితే మిగతా ముఖం పెరుగుతూనే ఉంటుంది కాబట్టి తర్వాత సరిదిద్దే ఆపరేషన్లు అవసరం కావచ్చు. రేడియేషన్ తగిలిన చోట ఎముక ఎదుగుదల మందగిస్తుంది, చిగుళ్లలో దాగిన పంటి మొలకలు దెబ్బతింటాయి. అందుకే క్యాన్సర్ తగ్గాక కూడా ఏళ్ల తరబడి ఈ పిల్లలను క్యాన్సర్ వైద్యుడితో పాటు దంత వైద్యుడూ చూస్తుండాలి. కృత్రిమ పళ్లను ఎముకలో బిగించడం సాధారణంగా ఎదుగుదల ఆగాకే చేస్తారు.