పందిరి మీది తీగ, అంచున కాలువ

"ఊపిరితిత్తిలో రెండు సెంటీమీటర్ల కేన్సర్ గడ్డ. లింఫ్ గ్రంథులకు పాకిందో లేదో గడ్డను చూసి చెప్పలేరా?" అని ఒక పాఠకుడు అడిగారు. ఖాయంగా చెప్పలేరు, అంచనా కట్టగలరు. అయితే అంచనాకి సైజు ఒక్కటే చాలనుకుంటే పప్పులో కాలేసినట్టే.

కొన్ని గడ్డలు సీటీలో తెల్లటి ముద్దలా కాక, నోటి ఆవిరి పట్టిన అద్దంలా మసగ్గా ఉంటాయి. లోపలి రక్తనాళాలు ఆ మసకలోంచి కనిపిస్తూనే ఉంటాయి. దీన్నే గ్రౌండ్ గ్లాస్ అంటారు. నాకు భలే ఇష్టమైన సంగతి ఇదే.

గాలి గదుల గోడల్ని పందిరి అనుకోండి. అడినోకార్సినోమా అనేది గ్రంథి కణాల లాంటి కణాలతో ఏర్పడే ఊపిరితిత్తి కేన్సర్ రకం. కొన్నిట్లో దాని కణాలు ఆ గోడల వెంబడే తీగలా పాకుతాయి. రాటలు విరగవు, సందుల్లో గాలి మిగులుతుంది. అందుకే మసక. మరి కణాల్ని గ్రంథులకి మోసుకెళ్లే లింఫ్ నాళాలెక్కడ? ఆ గోడల్లో దాదాపు ఉండవు. శ్వాసనాళాల పక్కన, ఊపిరితిత్తిని కప్పే ప్లూరా పొర కింద ఉంటాయి. అంటే కాలువ పందిరి అంచున ఉందన్నమాట. తీగ పైపైన పాకినంతసేపూ కాలువలో ఏమీ రాలదు. కణాల కిందుండే ఆధార పొరను చీల్చుకుని వేరు దించితే రాటలు కూలతాయి, గాలి పోతుంది, మసక కాస్తా ముద్దవుతుంది. కొన్ని గడ్డలు మరీ గడుసువి: వీఈజీఎఫ్-సీ అనే ప్రోటీన్ వదిలి కాలువనే తమ వైపు తవ్వించుకుంటాయి!

అందుకే ముద్ద భాగం వెడల్పును మొత్తం గడ్డ వెడల్పుతో భాగిస్తారు. 20 మి.మీ. గడ్డలో ముద్ద 4 మి.మీ. అయితే 0.2, 18 అయితే 0.9. సైజు ఒకటే, జాతకాలు వేరు. జపాన్‌లో జరిగిన జేసీఓజీ 0201 అధ్యయనం 2 సెం.మీ. మించని అడినోకార్సినోమాల్లో ఈ నిష్పత్తి 0.25 లోపుంటే చొచ్చుకుపోని రకంగా లెక్కించవచ్చంది. స్క్వామస్, స్మాల్ సెల్ అనే వేరే ఊపిరితిత్తి కేన్సర్ రకాలకి ఈ పందిరి కథ పనికిరాదు.

ఇక గ్రంథులకు పాకి ఉండొచ్చని చెప్పే మిగతా సూచనలు: గడ్డ ఊపిరితిత్తి మధ్యకి దగ్గరగా ఉండటం, పెట్ స్కాన్‌లో ఎస్‌యూవీ మాక్స్ (గడ్డ చక్కెర లాంటి మందును ఎంత పీల్చుకుందో చెప్పే అంకె) ఎక్కువుండటం, రక్తంలో సీఈఏ (కొన్ని కేన్సర్లలో పెరిగే ప్రోటీన్) పెరగడం, గడ్డలో కణాల మైక్రోపాపిల్లరీ అమరిక. ఈ చివరిది కాడ లేని కణాల గుత్తులు, తీగ నుంచి రాలిన పిందెల్లాంటివి. ఇలాంటివాటికి తలా కొన్ని మార్కులేసి కూడే పట్టికే నోమోగ్రామ్.

గ్రంథినే చూడొచ్చుగా అంటారేమో. సీటీలో గ్రంథి పొట్టి వైపు కొలత 1 సెం.మీ. దాటితే అనుమానిస్తారు. కానీ క్షయ వల్ల కూడా గ్రంథి ఉబ్బుతుంది, పెట్‌లో వెలుగుతుంది. మామూలు సైజు గ్రంథిలో కేన్సర్ కణాలు నక్కి ఉండొచ్చు. అందుకే శ్వాసనాళంలోంచి అల్ట్రాసౌండ్‌తో చూస్తూ సూది దించి కణాలు తీస్తారు. దాని పేరు ఈబస్. "కెలికితే పాకుతుంది" అని దీనికి అడ్డం పడే బంధువులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. సూది దారిన కణాలు పాకడం అతి అరుదు. గ్రంథిలో ఏముందో తెలియకుండా చికిత్స మొదలుపెట్టడమే అసలు ప్రమాదం.